ఇంజన్ ఆగిన తరువాత: నమూనా హెలికాప్టర్లలో ఆటోరొటేషన్ అభ్యాసచరిత్ర

వ్యాససంగ్రహం

ఇంజన్ శక్తి లేనప్పుడు, కిందినుంచి ఎదురువచ్చే గాలితోనే రోటర్‌ను తిప్పుకొంటూ హెలికాప్టర్‌ను క్షేమంగా నేలకు దించడాన్ని ఆటోరొటేషన్ అంటారు. రేడియో నియంత్రిత నమూనా హెలికాప్టర్లు నడిపేవారు నేర్చే విన్యాసాలలో ఇది క్లిష్టమైనది. 1920ల నుంచి నేటి వరకు ఈ విద్య ఎలా రూపుదిద్దుకొంది, ఎవరి నుంచి ఎవరికి చేరింది అనే విషయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పెద్ద యంత్రమే గురువు, నమూనా దాని అనుకరణ మాత్రమే అన్న సాధారణ అభిప్రాయం ఈ చరిత్రకు సరిపోదని, నేర్పినవారు కూడా మాటల్లో పెట్టలేకపోయిన ఒక క్షణం ఈ చరిత్రకు కేంద్రమని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: ఆటోరొటేషన్, నమూనా హెలికాప్టర్, అభ్యాసం, మౌనజ్ఞానం, సియెర్వా, ఆర్థర్ యంగ్, ష్ల్యూటర్, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక విజ్ఞానచరిత్ర అనగానే ఆవిష్కర్తల పేర్లు, పేటెంట్లు, తొలి ప్రయోగాల తేదీలు గుర్తుకువస్తాయి. యంత్రం తయారైన తరువాత దానిని నడపడం ఎవరు నేర్చుకొన్నారు, ఎలా నేర్చుకొన్నారు, నేర్చినదాన్ని మరొకరికి ఎలా అందించారు అనే ప్రశ్నలకు ఆ చరిత్రలలో చోటు తక్కువ. దీనికి కారణం ఆధారాల స్వభావంలోనే ఉంది. పేటెంటు కాగితం మీద మిగులుతుంది. చేతివేళ్లు నేర్చినది ఆ మనిషితోనే పోతుంది.

మైఖేల్ పొలాన్యీ 1966లో వెలువరించిన 'ది టాసిట్ డైమెన్షన్' అనే గ్రంథంలో మనిషి జ్ఞానంలో మాటలకు లొంగని భాగం ఒకటి ఉంటుందని వాదించాడు. దానినే ఇక్కడ మౌనజ్ఞానం అంటున్నాను. మృదంగమో, కర్రసామో, మగ్గం పనో గురువు దగ్గర నేర్చినవారికి ఈ సంగతి కొత్తగా తోచదు. అయితే మన చర్చలలో ఈ భావన సాధారణంగా సంప్రదాయకళలకే పరిమితమవుతుంది. ఇరవయ్యో శతాబ్దపు యంత్రవిద్యలలో కూడా అది అంత బలంగానే పనిచేసిందని చూపడానికి ఆటోరొటేషన్ అనువైన ఉదాహరణ. ఎందుకంటే ఈ విన్యాసానికి గణితం ఉంది, సిద్ధాంతం ఉంది, పోటీల నియమావళి ఉంది. ఇవన్నీ చదివిన మనిషి మైదానంలోకి వెళ్లి తొలి ప్రయత్నంలోనే నమూనాను విరగ్గొట్టుకోవచ్చు.

2. పడటం, దిగటం

ముందు యంత్రధర్మం చూడాలి. హెలికాప్టర్ మామూలుగా ఎగిరేటప్పుడు ఇంజన్ రోటర్‌ను తిప్పుతుంది. రెక్కలు గాలిని పైనుంచి లాగి కిందికి నెడతాయి. అందుకోసం ప్రతి రెక్కా గాలికి కొంత కోణంలో వాలి ఉంటుంది. అన్ని రెక్కల కోణాన్ని ఒకేసారి పెంచడం, తగ్గించడం కలెక్టివ్ పిచ్ అనే నియంత్రణ పని. ఇంజన్ ఆగిన మరుక్షణం ఆ కోణమే శత్రువవుతుంది. వాలి ఉన్న రెక్కలకు గాలి నిరోధం ఎక్కువ కాబట్టి భ్రమణవేగం వేగంగా పడిపోతుంది. చిన్న హెలికాప్టర్లలో చాలకుడికి దొరికే వ్యవధి ఒకటి రెండు సెకన్లకు మించదు. వేగం ఒక హద్దు దాటి పడిపోతే రెక్కలకు గాలి మీద పట్టు తప్పుతుంది. ఆ తరువాత చేయగలిగిందేమీ ఉండదు.

అందుచేత చాలకుడు వెంటనే కలెక్టివ్‌ను దించి రెక్కలను చదును చేస్తాడు. యంత్రం కిందికి దిగడం మొదలవుతుంది. ఇప్పుడు గాలి ప్రవాహం తలకిందులై, కిందినుంచి రోటర్ గుండా పైకి పోతుంది. తాటాకు ముక్కకు తుమ్మముల్లు గుచ్చి ఎదురుగాలికి పరుగెత్తే పిల్లవాడి చేతిలో చక్రం ఎందుకు తిరుగుతుందో, ఇక్కడ రోటర్ కూడా అందుకే తిరుగుతుంది. రోటర్ మొత్తం ఒకే తీరుగా పనిచేయదు. ఇరుసు దగ్గరి భాగం దాదాపు నిరుపయోగం. మధ్యభాగం గాలి నుంచి శక్తి తీసుకొని భ్రమణాన్ని నడుపుతుంది. చివరి భాగం ఆ శక్తిని ఖర్చుచేస్తూ బరువు మోస్తుంది. ఈ రాబడి, ఖర్చు సమంగా ఉన్నంతసేపు రోటర్ నిలకడగా తిరుగుతుంది. ఇక్కడ ఎత్తే ఇంధనం.

ఈ స్థితికి ఆంగ్లంలో ఉన్న పేరును 'స్వయంభ్రమణం' అని తెలుగు చేయవచ్చు. కానీ ఆ మాట తప్పుదారి పట్టిస్తుంది. రోటర్ తనంత తాను తిరగడం లేదు, గాలి తిప్పుతోంది. మన భాషలో 'గాలిమర' అనే చక్కని మాట ఉంది. యంత్రం పడుతూ ఉండగా రోటర్ గాలిమరగా మారుతుందంటే విషయం సగం బోధపడుతుంది. శేషాచలం కొండలలో జాలారి కాయ చెట్టు నుంచి రాలేటప్పుడు తన రెక్కలతో గిరగిర తిరుగుతూ నెమ్మదిగా దిగడానికి మూలం కూడా ఇదే. అయితే కాయకు బరువు లేదు కాబట్టి నేలను తాకే క్షణం దానికి సమస్య కాదు. హెలికాప్టర్‌కు అసలు సమస్య ఆ క్షణమే.

నేల దగ్గరపడగానే చాలకుడు ముక్కు ఎత్తి ముందువేగాన్ని తగ్గిస్తాడు. ఆ చర్యతో దిగే వేగం తగ్గి, రోటర్ వేగం కాస్త పెరుగుతుంది కూడా. తరువాత యంత్రాన్ని సమతలానికి తెచ్చి, కలెక్టివ్‌ను పైకి లాగి, రోటర్‌లో నిల్వ ఉన్న శక్తినంతా ఒక్కసారి ఖర్చుచేసి మెత్తగా దించుతాడు. ఈ నిల్వ భ్రమణవేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం పది శాతం తగ్గితే నిల్వ పందొమ్మిది శాతం తగ్గుతుంది. కలెక్టివ్ ముందుగా లాగితే యంత్రం రెండు మూడు మీటర్ల ఎత్తున ఆగి, ఆపైన రాయిలా పడుతుంది. ఆలస్యంగా లాగితే లాగడానికి సమయమే ఉండదు. రెండో అవకాశం లేదు.

3. పేము రెక్కల పాఠం

ఈ విద్యకు మూలపురుషుడు స్పెయిన్ దేశస్థుడు హ్వాన్ దె లా సియెర్వా. 1895లో మూర్సియాలో జన్మించాడు. 1919లో అతడు రూపొందించిన మూడు ఇంజన్ల విమానం నేలకు దగ్గరగా వేగం కోల్పోయి కూలిపోయింది. వేగం తగ్గినా కూలని విమానం కావాలన్న పట్టుదల అక్కడ మొదలైంది. రెక్కలు విమానంతో పాటు ముందుకు పోవడం కాక, పైన విడిగా తిరుగుతూ ఉంటే విమానం నెమ్మదించినా రెక్కల వేగం తగ్గదు కదా అన్నది అతని ఆలోచన. ఆ యంత్రానికి ఆటోజైరో అని పేరు పెట్టాడు. దానిలో ఇంజన్ ముందున్న ప్రొపెల్లర్‌ను మాత్రమే తిప్పుతుంది. పైనున్న రోటర్‌ను గాలే తిప్పుతుంది.

తొలి మూడు యంత్రాలూ విఫలమయ్యాయి. రోటర్‌లో గాలికి ఎదురుగా పోయే రెక్క ఎక్కువ బరువు మోసి, వెనక్కి పోయే రెక్క తక్కువ మోసి, యంత్రం పక్కకు ఒరిగిపోయేది. ఆశ్చర్యమేమంటే అతడు చేసిన చిన్న నమూనా చక్కగా ఎగిరింది. పెద్దది ఒరిగి, చిన్నది ఒరగకపోవడానికి కారణం వెతకగా, నమూనా రెక్కలను పేము బద్దలతో చేసిన సంగతి తేలింది. పేము వంగుతుంది. ఎక్కువ బరువు పడిన రెక్క పైకి వంగి, ఆ బరువును తానే వదిలించుకొంటోంది. దాంతో సియెర్వా పెద్ద యంత్రపు రెక్కల మొదట్లో కీళ్లు అమర్చాడు. నేటికీ చాలా హెలికాప్టర్ల రోటర్లలో కనిపించే ఏర్పాటుకు పుట్టుక అదే. పెద్ద యంత్రానికి తెలియని రహస్యం బొమ్మకు తెలిసిందనడం అతిశయోక్తి కాదు.

కీళ్లు అమర్చిన నాలుగో యంత్రం 1923 జనవరిలో మాడ్రిడ్ సమీపంలోని హెతాఫేలో ఎగిరింది. నడిపినవాడు అలెహాంద్రో గోమెజ్ స్పెన్సర్. కొద్ది రోజుల వ్యవధిలోనే, నేల విడిచిన కాసేపటికి ఇంజన్ ఆగిపోయింది. యంత్రం నిటారుగా, నెమ్మదిగా దిగి క్షేమంగా నేలను చేరింది. ఆ దిగడం ఎవరూ నేర్పినది కాదు, ఎవరూ ముందుగా సాధన చేసినదీ కాదు. అది ఎందుకు సాధ్యమైందో వివరించే సాధారణ సిద్ధాంతాన్ని బ్రిటన్‌లో హెర్మన్ గ్లావర్ట్ 1926లో రూపొందించాడు. పని ముందు, సిద్ధాంతం తరువాత అన్న క్రమం ఇక్కడ గమనించదగినది. సియెర్వా 1936 డిసెంబరు 9న క్రోయిడన్ విమానాశ్రయం వద్ద ప్రయాణికుల విమానం కూలిన ప్రమాదంలో మరణించాడు. వేగం కోల్పోయినా కూలని యంత్రం కోసం జీవితం వెచ్చించినవాడి మరణం మామూలు రెక్కల విమానంలో సంభవించింది.

ఆటోజైరో నుంచి హెలికాప్టర్‌కు వచ్చేసరికి ఒక ముఖ్యమైన తేడా ఏర్పడింది. చరిత్రకారులు దీనిని తగినంత నొక్కి చెప్పలేదని నా అభిప్రాయం. ఆటోజైరో ఎప్పుడూ ఆటోరొటేషన్‌లోనే ఉంటుంది. అందులోకి 'ప్రవేశించడం' అనే పని దాని చాలకుడికి లేదు. హెలికాప్టర్ రోటర్‌ను ఇంజన్ తిప్పుతుంది. ఇంజన్ చేతిలోంచి గాలి చేతిలోకి రోటర్‌ను మార్చడం చాలకుడు నేర్చుకోవలసిన కొత్త పని. జర్మనీలో తయారైన ఫోకె-వుల్ఫ్ 61 అనే హెలికాప్టర్‌తో 1937 మే 10న ఎవాల్డ్ రోల్ఫ్స్ ఈ పనిని తొలిసారి పూర్తిగా చేశాడు. ఇంజన్ శక్తి లేకుండా రోటర్‌ను గాలికి అప్పగించి నేలకు దిగాడు. యంత్రధర్మంగా ఆటోరొటేషన్ వయసు 1923 నుంచి లెక్కిస్తే, విన్యాసంగా దాని వయసు 1937 నుంచి లెక్కించాలి.

4. కోడిగుడ్డు ప్రయాణికుడు

అమెరికాలో ఆర్థర్ యంగ్ కథ వేరు. తత్త్వశాస్త్రం మీద మక్కువ గల యంగ్ 1920ల చివర హెలికాప్టర్ సమస్యను చేపట్టి, పుష్కరకాలానికి పైగా చిన్న నమూనాలతోనే పనిచేశాడు. పెద్ద యంత్రం కట్టి కూలిస్తే ఏడాది శ్రమ పోతుంది, నమూనా కూలితే సాయంత్రానికి మళ్లీ ఎగరవచ్చు అన్నది అతని తర్కం. పెన్సిల్వేనియాలోని పావోలి గ్రామంలో పాత పశువుల కొట్టమే అతని ప్రయోగశాల. విద్యుత్ మోటారుతో నడిచే నమూనాను తీగల ద్వారా దూరం నుంచి నియంత్రించేవాడు. రోటర్ కింద అడ్డంగా బరువులతో ఒక కడ్డీని అమర్చితే యంత్రం నిలకడగా గాలిలో నిలబడుతుందని ఈ నమూనాల మీదే కనుగొన్నాడు.

1941లో అతడు బెల్ విమాన సంస్థకు తన నమూనాను ప్రదర్శించి, అక్కడే పనిలో చేరాడు. ఇంజన్ ఆగితే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడా ఎదురైంది. సమాధానంగా యంగ్ నిలువుగా కట్టిన తీగ వెంట పైకి పోయే ఒక నమూనాను తయారుచేసి, దానిలో ప్రయాణికుడిగా పచ్చి కోడిగుడ్డును కూర్చోబెట్టాడు. నమూనా పైకప్పు దాకా వెళ్లింది. శక్తి ఆపివేశారు. రోటర్ తిరుగుతూనే నమూనా దిగింది. గుడ్డు పగలలేదు. అతని ఆలోచనల మీద నిర్మించిన బెల్ 47 హెలికాప్టర్ 1946 మార్చి 8న పౌరవినియోగానికి అనుమతి పొందింది. ప్రపంచంలో అలాంటి అనుమతి పొందిన తొలి హెలికాప్టర్ అది.

మన పరిశీలనకు యంగ్ మరో కారణం చేత ముఖ్యుడు. హెలికాప్టర్‌ను బయట నిలబడి నడపడం దీర్ఘకాలం అభ్యసించిన తొలితరం మనుషులలో అతడొకడు. లోపల కూర్చున్న చాలకుడికి శరీరం ఒక కొలమానం. యంత్రం ఒరిగితే నడుముకు తెలుస్తుంది, దిగే వేగం పెరిగితే కడుపుకు తెలుస్తుంది. బయట నిలబడినవాడికి ఇవేవీ లేవు. కన్ను, చెవి మాత్రమే మిగులుతాయి. పైగా యంత్రం ముక్కు అతనివైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి.

5. దిగడం రాని నమూనాలు

రేడియోతో నడిచే నమూనా హెలికాప్టర్‌ను ఆచరణయోగ్యం చేసినవాడు జర్మన్ ఇంజనీరు డీటర్ ష్ల్యూటర్. 1960ల చివర మొదలైన అతని ప్రయోగాలు ఫలించి, 1970 జూన్ 20న అతని నమూనా 27 నిమిషాల 51 సెకన్లు గాలిలో నిలిచి, 11.5 కిలోమీటర్ల దూరం ప్రయాణించి రికార్డులు నెలకొల్పింది. బెల్ హ్యూయీకోబ్రా రూపంలో అతని నమూనా విడిభాగాల పెట్టెగా అంగడిలోకి వచ్చాక, ఇంట్లో కూర్చి మైదానంలో ఎగరవేసే సామాన్య అభిరుచి వర్గం ఒకటి తయారైంది. అప్పటి రోటర్ల నిలకడకు ఆధారమైన అడ్డకడ్డీ, చిన్న తెడ్లు యంగ్, స్టాన్లీ హిల్లర్‌ల పెద్ద యంత్రాల నుంచి వచ్చినవే. అంటే పావోలి కొట్టంలో నమూనా మీద పుట్టిన ఊహ పెద్ద హెలికాప్టర్‌లోకి వెళ్లి, మూడు దశాబ్దాలకు తిరిగి నమూనా మీదికి చేరింది.

కానీ ష్ల్యూటర్ కోబ్రాకు కలెక్టివ్ లేదు. రెక్కల కోణం స్థిరం. పైకి పోవాలంటే ఇంజన్ వేగం పెంచాలి, దిగాలంటే తగ్గించాలి. నిర్మాణం తేలిక, ధర తక్కువ. అయితే గాలిలో ఇంజన్ ఆగిందంటే వాలి ఉన్న రెక్కలను చదును చేసే మార్గమే లేదు. ఆనాటి చిన్న ఇంజన్లు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేని రకం. ఎత్తుకు పోవడమంటే భయం, పోయినవారికి నష్టం. అందుకే తొలినాటి నమూనాచాలకులు నేలకు దగ్గరగా నిలబెట్టడం వద్దే ఎక్కువ కాలం ఉండిపోవడంలో వింత లేదు.

ఇదే కాలంలో పెద్ద హెలికాప్టర్ల లోకంలో జరిగిన ఒక సంఘటనను పక్కన పెట్టి చూస్తే ఈ అంతరం స్పష్టమవుతుంది. ఫ్రాన్సులో తయారైన లామా అనే హెలికాప్టర్ మొదట భారత సైన్యపు అవసరాల కోసం, హిమాలయాల ఎత్తులలో పనిచేయడానికి రూపొందించినది. మన దేశంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ దానిని చీతా పేరుతో నిర్మించింది. ఆ లామాతో 1972 జూన్ 21న జాఁ బూలే 12,442 మీటర్ల ఎత్తుకు చేరి ప్రపంచ రికార్డు సృష్టించాడు. దిగడం మొదలుపెట్టగానే ఆ చలిలో ఇంజన్ ఆరిపోయింది, తిరిగి వెలగలేదు. బూలే అక్కడి నుంచి నేలదాకా ఆటోరొటేషన్‌తోనే దిగాడు. హెలికాప్టర్ చరిత్రలో అంతకంటె ఎక్కువ ఎత్తు నుంచి ఈ విన్యాసం జరగలేదు. పెద్ద యంత్రం పన్నెండు కిలోమీటర్లు ఇంజన్ లేకుండా దిగిన రోజులలో, కోణం మారని నమూనాకు పది మీటర్లు దిగడం కూడా చేతకాదు.

తేడాను తొలగించినవి రెండు మార్పులు. మొదటిది నమూనాలకు కలెక్టివ్ పిచ్ రావడం. 1970లలో న్యూరెంబర్గ్‌కు చెందిన కవాన్ సంస్థ జెట్‌రేంజర్ నమూనా ఈ దిశలో ప్రసిద్ధమైంది. రెండోది ఇంజన్ ఆగినా రోటర్ స్వేచ్ఛగా తిరిగేందుకు ఏకదిశా బేరింగ్ అమర్చడం. సైకిల్ వెనుక చక్రంలోని ఫ్రీవీల్ చేసే పనినే ఇది చేస్తుంది. తొక్కడం ఆపినా చక్రం ఆగదు. ఈ రెండూ కుదిరాక నమూనాకు దిగే శక్తి వచ్చింది. దించే శక్తి మనుషులకు రావలసి ఉంది.

6. అభ్యాసక్రమం

పెద్ద హెలికాప్టర్ శిక్షణలో గురువు పక్కనే కూర్చుంటాడు. రెండు జతల నియంత్రణలుంటాయి. శిష్యుడు కలెక్టివ్ లాగడం ఆలస్యం చేస్తే గురువు చేయి ముందే లాగుతుంది. ఎదుట రోటర్ వేగం చూపే గడియారం, వేగం తగ్గితే మోగే హెచ్చరిక ఉంటాయి. నమూనా విద్యలో గురువు, శిష్యుడు ఇద్దరూ నేల మీదే, యంత్రానికి పదుల మీటర్ల దూరంలో నిలబడతారు. తీగతో కలిపిన రెండు ట్రాన్స్‌మిటర్లతో గురువు జోక్యం చేసుకొనే ఏర్పాటు ఉన్నా, చివరి అర సెకనులో అది అంతగా ఉపకరించదు.

అందువల్ల ఈ విద్యలో అంచెలవారీ సాధన రూపొందింది. మొదటి అంచె ఎత్తుతో సంబంధం లేనిది. నమూనాను నేల నుంచి మోకాలి ఎత్తున నిలిపి, థ్రాటిల్ హోల్డ్ అనే మీట వేస్తారు. ఇంజన్ రోటర్‌ను వదిలేస్తుంది. రోటర్‌లో మిగిలిన వేగంతోనే కలెక్టివ్ పెంచుతూ మెత్తగా కూర్చోబెట్టాలి. ఇది మొత్తం విన్యాసంలో చివరి భాగం. అంటే పాఠం చివరి నుంచి మొదలవుతుంది. పద్యాన్ని కడపటి పాదం నుంచి కంఠస్థం చేయించినట్టుగా ఉండే ఈ పద్ధతిలో మంచి తర్కముంది. మొదటి భాగాలలో తప్పు దిద్దుకోవడానికి ఎత్తు మిగిలి ఉంటుంది. చివరి భాగంలో ఏమీ మిగలదు. కాబట్టి దిద్దుకోలేనిదాన్ని ముందు నేర్పుతారు.

రెండో అంచెలో ఎత్తుకు వెళ్లి, గాలికి ఎదురుగా తిరిగి, ఇంజన్‌ను ఆపకుండా నెమ్మది వేగంలో ఉంచి, రెక్కలను కొద్దిగా వ్యతిరేక కోణానికి తెచ్చి దిగడం సాధన చేస్తారు. నేల చేరకముందే ఇంజన్ పెంచి తిరిగి పైకి పోతారు. ఇక్కడ నేర్చేది చెవి. రోటర్ వేగం ఎంత ఉందో చూపే కొలమానం సాంప్రదాయికంగా నమూనాచాలకుడి ఎదుట లేదు. రెక్కల మోత పలచబడుతోందా చిక్కబడుతోందా అన్నది విని తెలుసుకోవాలి. మోత బరువెక్కి మందగిస్తే కలెక్టివ్‌ను కాస్త దించాలి. మూడో అంచెలో ఈ రెండింటినీ కలపాలి. ముక్కు ఎత్తడం, సమతలం చేయడం, కలెక్టివ్ లాగడం అనే మూడు చర్యలు రెండు మూడు సెకన్లలో ఒకదానిలోంచి ఒకటి రావాలి.

కలెక్టివ్ ఎప్పుడు లాగాలి? శిక్షకులు ఇచ్చే సమాధానాలు 'సరైన సమయంలో', 'నేల దగ్గరపడినప్పుడు', 'దిగడం ఆగుతున్నట్టు అనిపించినప్పుడు' అన్న తీరులో ఉంటాయి. ఈ అస్పష్టతను బోధనాలోపంగా భావించడం పొరపాటు. ఆ క్షణం గాలివేగం, రెక్కల బరువు, నమూనా బరువు, దిగుతున్న కోణం, నేల మీద గడ్డి ఎత్తు అన్నిటి మీదా ఆధారపడుతుంది. రెక్కలు బరువైనవైతే నిల్వశక్తి ఎక్కువ కాబట్టి క్షణం కాస్త సాగుతుంది. తేలికైనవైతే కుంచించుకుపోతుంది. అడిగినవాడికి అంకె చెప్పగలిగితే అది మరో మధ్యాహ్నానికి, మరో మైదానానికి తప్పు అంకె అవుతుంది.

అంతర్జాతీయ విమానక్రీడల సమాఖ్య నిర్వహించే ఎఫ్3సి తరగతి పోటీలలో ప్రతి విన్యాసక్రమం ఆటోరొటేషన్‌తోనే ముగుస్తుంది. నేల మీద గీసిన వృత్తంలో దిగాలి. కేంద్రానికి దూరమయ్యే కొద్దీ మార్కులు తగ్గుతాయి. కొన్ని క్రమాలలో దిగుతూనే వెనక్కి మళ్లి రావాలి కూడా. నియమావళి ఫలితాన్ని ఇంత కచ్చితంగా కొలుస్తుంది. ఆ ఫలితానికి దారి మాత్రం చెప్పదు, చెప్పడం దాని పని కూడా కాదు.

7. యంత్రం శిష్యరికం, పాఠపరిష్కరణ

2008 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ కథ మరో మలుపు తిరిగింది. ఆండ్రూ ఎన్‌జి ఆధ్వర్యంలో పీటర్ అబీల్, ఆడమ్ కోట్స్ తదితరులు రేడియో నియంత్రిత హెలికాప్టర్‌కు కంప్యూటరు చేత విన్యాసాలు నేర్పారు. వాటిలో ఆటోరొటేషన్ ఒకటి. నమూనా హెలికాప్టర్‌ను మానవ ప్రమేయం లేకుండా ఆటోరొటేషన్‌తో నేలకు దించిన తొలి నియంత్రణవ్యవస్థగా వారు దానిని ప్రకటించారు.

వారు ఎంచుకొన్న పద్ధతి ఆసక్తికరమైనది. విన్యాసానికి సూత్రాలు రాసి యంత్రానికి ఇవ్వడానికి బదులు, నిపుణుడైన చాలకుడిని పిలిచి ఎగరవేయించారు. అతని చేతుల కదలికలు, నమూనా ప్రతిస్పందనలు నమోదు చేసి, వాటి నుంచి యంత్రం నేర్చుకొనేలా చేశారు. ఈ విధానానికి వారు పెట్టిన పేరుకు అర్థం శిష్యరికం. గణితం తెలిసినవారే, సిద్ధాంతం చేతిలో ఉన్నవారే, చివరకు గురువు దగ్గరికి వెళ్లారు. మౌనజ్ఞానాన్ని పొలాన్యీ గుర్తించిన నాలుగు దశాబ్దాలకు ఇంజనీర్లు దానిని మాటల్లోకి మార్చకుండానే ఒక చేతి నుంచి మరో 'చేతి'కి బదిలీ చేయగలిగారు.

ఇదే బృందం అదే ఏడాది గగనవిన్యాసాల విషయంలో వెలువరించిన మరో పరిశోధన తెలుగు సాహిత్యవిద్యార్థికి మరింత దగ్గరగా తోస్తుంది. నిపుణుడు ఒక విన్యాసాన్ని పదే పదే చేసినా ప్రతిసారీ ఏదో ఒక చోట తప్పుతాడు. ఒకసారి కాస్త ఎత్తు కోల్పోతాడు, మరోసారి పక్కకు జరుగుతాడు. అతడు చేయదలచుకొన్న ఆదర్శవిన్యాసం ఏ ఒక్క ప్రయత్నంలోనూ పూర్తిగా లేదు. కానీ ప్రతి ప్రయత్నం దానివైపే చూస్తోంది. పరిశోధకులు ఆ ప్రయత్నాలన్నిటినీ కాలక్రమంలో ఒకదానితో ఒకటి సరిపోల్చి, వాటి వెనుకనున్న ఉద్దిష్టమార్గాన్ని అంచనా కట్టారు. దానిని అనుసరించిన యంత్రం కొన్ని విన్యాసాలలో గురువును మించి రాణించింది.

పాఠపరిష్కరణ చేసేవారి పని ఇదే. కర్త రాసిన మూలప్రతి దొరకదు. దొరికిన తాళపత్రాలు, కాగితపు ప్రతులు ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట తప్పుతాయి. లేఖకుడొకడు పాదం జారవిడుస్తాడు, మరొకడు తనకు తెలిసిన మాట వేస్తాడు. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితుల చేత అనేక ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేయించినప్పుడు ఆధారం ఈ నమ్మకమే. తప్పులు ఒక్కో ప్రతిలో ఒక్కో చోట ఉంటాయి కాబట్టి, ప్రతులన్నీ కలిపి చూస్తే ఏ ప్రతిలోనూ లేని పాఠం బయటపడవచ్చు. అయితే ఒక భేదాన్ని మరచిపోకూడదు. పరిష్కర్త తన నిర్ణయానికి కారణం రాసి, పాఠాంతరాలను అడుగున చూపుతాడు. స్టాన్‌ఫర్డ్ పద్ధతిలోనూ గణితపరమైన సమర్థన ఉంది. కానీ కలెక్టివ్ ఎప్పుడు లాగాలి అన్న శిష్యుడి ప్రశ్నకు మైదానంలో చెప్పుకోదగిన జవాబు దానిలోంచి రాదు. యంత్రానికి వచ్చింది. మాటకు ఇంకా రాలేదు.

8. నేటి స్థితి

విద్యుత్ మోటార్లు, లిథియం బ్యాటరీలు వచ్చాక గాలిలో ఇంజన్ ఆగడం మునుపటి కంటె అరుదైంది. ఎలక్ట్రానిక్ స్థిరీకరణ రావడంతో యంగ్ కడ్డీ, హిల్లర్ తెడ్లు కూడా నమూనా రోటర్ల నుంచి దాదాపు మాయమయ్యాయి. కంప్యూటరు తెర మీద అనుకరణసాధనాలతో కొత్తవారు ఖర్చు లేకుండా వందసార్లు కూలిపోయి మైదానానికి వస్తున్నారు. అది తొలితరానికి లేని సౌకర్యం. తెర మీద రోటర్ మోతలో ఈ తేడాలు ఎంతవరకు వినిపిస్తాయన్నది మాత్రం ఆ సాధనం నాణ్యత మీద ఆధారపడి ఉంటుంది.

ఇప్పటి మోటారు నియంత్రకాలలో ఈ విద్యార్థుల కోసమే ఒక ఏర్పాటు ఉంది. మామూలుగా మోటారు రోటర్‌ను నెమ్మదిగా, చాలా సెకన్లు తీసుకొని పూర్తి వేగానికి తెస్తుంది. ఆటోరొటేషన్ సాధనలో థ్రాటిల్ హోల్డ్ మీటను తిరిగి వెనక్కి వేస్తే, అదే మోటారు కొద్ది క్షణాలలో రోటర్‌ను వేగానికి తెచ్చి నమూనాను కాపాడుతుంది. దిగుతున్న దారి నచ్చకపోతే విన్యాసాన్ని రద్దుచేసుకొని పైకి పోవచ్చు. అయితే ఆ కొద్ది క్షణాలకైనా ఎత్తు కావాలి. ముక్కు ఎత్తిన తరువాత, చివరి రెండు మూడు మీటర్లలో, ఆ మీట వెనక్కి వేసినా మోటారు అందుకొనేలోపు నేల వచ్చేస్తుంది.